ఆర్కిమెడిస్ రఫ్ నోటుబుక్కు

మన బడి గోడల మీద ఆర్కిమెడిస్ ఎప్పుడూ స్నానాల తొట్టిలోనే ఉంటాడు. పిల్లలను అడిగితే తొట్టి, రాజుగారి కిరీటం, ఒంటి మీద బట్ట లేకుండా వీధిలో పరుగు, ఈ మూడే చెబుతారు. ఆ కథ రాసినవాడు విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి. ఆర్కిమెడిస్ పోయిన సుమారు రెండు వందల ఏళ్లకు రాశాడు. ఆర్కిమెడిస్ రాసి మనకు మిగిలిన పుస్తకాల్లో కిరీటం ఊసే లేదు. మేమూ ఏళ్ల తరబడి తొట్టి కథే చెప్పాం. అట్టముక్కల పాఠం చెప్పడం మొదలుపెట్టాకే అసలు మనిషి మాకు కొంత పరిచయమయ్యాడు.

ఆ పాఠం ఇది. అట్టను ఏదో ఆకారంలో కత్తిరించి, ఒక మూల గుండుసూదికి వేలాడదీయాలి. అదే సూది నుంచి చిన్న బరువు కట్టిన దారం వదిలి, దారం వెంబడి గీత గీయాలి. మరో మూల నుంచి మళ్లీ అలాగే చేయాలి. రెండు గీతలు కలిసే చోటు ఆ అట్టకు గురుత్వ కేంద్రం. పాత తెలుగు పుస్తకాల్లో దీన్నే గరిమనాభి అన్నారు. ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో ఆ మాట వాడితే పిల్లలు కంగారు పడనక్కర్లేదు, రెండూ ఒకటే. ఒకసారి ఇంగ్లిషు ఎల్ అక్షరం ఆకారంలో అట్ట ఇచ్చాం. ఒక పాప రెండు గీతలూ గీసి, అవి అట్ట మీద కలవడం లేదని, తనే ఎక్కడో తప్పు చేశానని ఏడుపు ముఖం పెట్టింది. తప్పేమీ లేదు. ఆ ఆకారానికి గురుత్వ కేంద్రం అట్ట మీద ఉండదు, పక్కన ఖాళీలో ఉంటుంది. మన సున్నకు కూడా అంతే, నడిమధ్య ఖాళీలో ఉంటుంది. ఒక వస్తువు బరువంతా ఒక్క బిందువులో ఉన్నట్టు లెక్క వేయవచ్చని, ముక్కలుగా కోసి మళ్లీ కలిపి ఆ బిందువును పట్టుకోవచ్చని చూపించిన పుస్తకాల్లో మనకు దక్కిన అన్నిటికంటే పాతది ఆర్కిమెడిస్ పుస్తకమే.

ఆయన పుట్టింది సిసిలీ దీవిలోని సిరక్యూజ్ నగరంలో, సుమారు క్రీ.పూ. 287లో. తండ్రి పేరు ఫిడియాస్, ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఈ మాట కూడా ఆర్కిమెడిస్ ఇసుక రేణువుల లెక్క గురించి రాసిన పుస్తకంలో దారిలో తగిలినట్టు ఒకసారి వస్తుంది, అంతే. హెరాక్లైడిస్ అనే ఆయన ఆర్కిమెడిస్ జీవితం రాశాడట, ఆ పుస్తకం దొరకలేదు. అందుకే పెళ్లి, పిల్లలు, ఇల్లు వంటి సంగతులు ఏమీ మిగల్లేదు. పుస్తకాల ముందు స్నేహితులకు రాసిన ఉత్తరాలు మాత్రం ఉన్నాయి. మనిషి కాస్త కనిపించేది వాటిలోనే.

సిరక్యూజ్ అప్పటికే నాలుగు వందల ఏళ్లు దాటిన ఊరు. గ్రీసు దేశంలోని కోరింత్ నుంచి సముద్రం దాటి వచ్చిన జనం కట్టుకున్నది. వాళ్లు తమతో తెచ్చుకున్న డోరిక్ యాస తరతరాలుగా అక్కడ నిలిచింది. ఆర్కిమెడిస్ నాటికి చదువుకు పెద్ద ఊరు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా. పండితులంతా అక్కడే ఉండేవారు, వాళ్లు రాసేది అన్ని ప్రాంతాలకూ సాధారణమైన మరో రకం గ్రీకులో. ఆర్కిమెడిస్ కూడా కొంతకాలం అక్కడ చదివి ఉంటాడని చరిత్రకారులు అనుకుంటారు. ఆయన స్నేహితులు కోనన్, ఎరటోస్తనీస్ అక్కడివాళ్లే. అయినా ఆయన ఆ పండితులకు తన రచనలను సిరక్యూజ్ యాసలోనే రాసి పంపాడు. వాళ్లు చదువుకున్నారు.

ఈ సంగతి విన్నప్పుడు మాకు మన తల్లిదండ్రుల సమావేశాలు గుర్తొచ్చాయి. ఇంటి భాషలో లెక్కలు నేర్చుకుంటే రేపు బయట పనికొస్తాయా అని ఎవరో ఒకరు అడగని ఏడాది లేదు. అయితే పోలికను మరీ లాగకూడదు. సిరక్యూజ్‌లో డోరిక్ మాట్లాడేవాళ్లు కొద్దిమంది కాదు, ఊరంతా అదే. మనలాగా రాష్ట్ర భాష ఒకటి, ఇంటి భాష ఒకటి అన్న ఇబ్బంది ఆయనకు లేదు.

సిరక్యూజ్‌కు తిరిగొచ్చాక ఆయనకు కొరత మాటల తోడే. రాజు హీరాన్ ఆదరించాడు, రాజు కొడుకు గెలాన్ కోసం ఒక పుస్తకమే రాశాడు. కానీ లెక్క చూసి, ఇక్కడ తప్పింది అని చెప్పగలిగిన మనిషి ఓడ ప్రయాణమంత దూరంలో ఉన్నాడు. ఆ మనిషి కోనన్. కోనన్ చనిపోయాడన్న వార్త విన్నాక డొసిథియస్ అనే మరొకరికి ఉత్తరం రాస్తూ ఆర్కిమెడిస్ తన బాధ చెప్పుకున్నాడు. ఆ తర్వాత మరో ఉత్తరంలో కోనన్ పోయి చాలా ఏళ్లయిందని, తాను పంపిన సమస్యల్లో ఒక్కదాన్నీ ఎవరూ ముట్టుకోలేదని రాశాడు. అందులోనే ఒక కొంటె సంగతీ ఉంది. పంపిన సిద్ధాంతాల్లో రెండు తప్పువి కలిపానని, అన్నీ మేమూ కనిపెట్టేశామంటూ నిరూపణ చూపించని వాళ్లు దొరికిపోవడానికే అలా చేశానని ఒప్పుకున్నాడు. సమాధానం మాత్రం కాపీ కొట్టి, చేసిన పద్ధతి చూపించని పిల్లలతో రోజూ వేగే మనకు ఆ ఉపాయం బాగా అర్థమవుతుంది.

సమతల ఆకారాల సమతాస్థితి గురించిన ఆయన పుస్తకం రెండు భాగాలు. మొదటిది ఏడు స్వీకృతాలతో మొదలవుతుంది. సమాన దూరాల్లో ఉన్న సమాన బరువులు సరితూగుతాయి, దూరాలు సమానం కాకపోతే దూరంగా ఉన్న వైపు వంగుతుంది వంటి, సంతలో త్రాసు పట్టిన ఎవరైనా ఒప్పుకునే మాటలు. అక్కడి నుంచి తులాదండ సూత్రానికి వస్తాడు. మనం దాన్ని కావడితో చెప్పుకుందాం. కావడి బద్ద పొడవు 5 అడుగులు అనుకోండి. ఎడమ కొసన 6 కిలోలు, కుడి కొసన 4 కిలోలు. భుజం ఎక్కడ పెట్టాలి? మోసేవాడు లెక్క చేయడు, బరువు వైపు జరుగుతాడు. 6 కిలోల కొస నుంచి 2 అడుగులు, 4 కిలోల కొస నుంచి 3 అడుగులు. ఆరు రెళ్లు పన్నెండు, నాలుగు మూళ్లు పన్నెండు.

ఇది ఆర్కిమెడిస్‌కు ముందు కూడా జనానికి తెలిసిందే. ఎందుకు అన్నదానికి ఆయన ఇచ్చిన జవాబు మాత్రం చూడదగ్గది. బద్దను రెండు వైపులా పొడవుగా ఊహించుకోమంటాడు. 6 కిలోలను ఆరు ఒక కిలో ముక్కలు చేసి, ఎడమ కొసకు అటు మూడు, ఇటు మూడు, అడుగుకొకటి చొప్పున పరవండి. 4 కిలోలను నాలుగు ముక్కలు చేసి కుడి కొసకు అటు రెండు, ఇటు రెండు పరవండి. ఏ గుంపుకైనా నడిమి చోటు మారలేదు కాబట్టి తూకమూ మారదు. ఇప్పుడు చూస్తే ఎడమ గుంపు అయిపోయిన చోటే కుడి గుంపు మొదలవుతోంది. ఎక్కడా ఖాళీ లేకుండా పది ముక్కలు ఒకే వరసలో, అడుగుకొకటి ఉన్నాయి. వాటి నడిమి చోటు ఎక్కడో కొలవండి. పాత ఎడమ కొస నుంచి సరిగ్గా 2 అడుగులు! తరగతిలో ఒక కర్ర స్కేలు, పది చింతగింజలు ఉంటే చాలు, పిల్లలు తమంతట తామే చూసుకుంటారు. (అసలు పుస్తకంలో ఏ బరువులకైనా వర్తించేలా, నిష్పత్తులతో ఉంటుంది. మేం చెప్పింది అంకెలు వేసిన రూపం.)

ఈ కావడినే ఆయన ఆకారాల మీదికి తీసుకెళ్లాడు. రెండు ముక్కలు కలిసిన ఆకారం అంటే రెండు బరువులు మోసే కావడి. ఒక్కో ముక్క బరువు దాని కేంద్రం దగ్గర వేలాడుతున్నట్టు. రెండు కేంద్రాలను కలిపే గీతే బద్ద. భుజం ఎక్కడ పెట్టాలో అదే మొత్తం ఆకారపు కేంద్రం.

ఆ పాప అట్ట తీసుకుందాం. నిలువు పట్టీ 2 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు, వైశాల్యం 12. దాని కుడి పక్కన కింద పాదం, 4 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల ఎత్తు, వైశాల్యం 8. అట్ట అంతా ఒకే మందం కాబట్టి వైశాల్యమే బరువుకు బదులు నిలబడుతుంది. కింది ఎడమ మూల నుంచి కొలిస్తే పట్టీ కేంద్రం అడ్డంగా 1, నిలువుగా 3. పాదం కేంద్రం అడ్డంగా 4, నిలువుగా 1. బరువులు 12, 8 అంటే 3కి 2. మన కావడి నిష్పత్తే. రెండు కేంద్రాల మధ్య గీతను ఐదు భాగాలు చేసి, పట్టీ వైపు నుంచి రెండు భాగాల దగ్గర ఆగితే అడ్డంగా 2.2, నిలువుగా 2.2 వస్తుంది. పట్టీ వెడల్పు 2, పాదం ఎత్తు 2. అంటే బిందువు రెండింటినీ దాటి లోపలి మూల పక్కన ఖాళీలో పడింది. దారం చెప్పిందీ అదే. ఆ ఖాళీలో పల్చటి కాగితం అంటిస్తే గీతలు కలిసే చోటు దాని మీద గుర్తు పెట్టుకోవచ్చు.

కలపడం ఒక దారి, తీసేయడం ఇంకో దారి. మొదటి భాగంలో ఎనిమిదో సిద్ధాంతం ఇదే. ఒక ఆకారం నుంచి ముక్క తీసేస్తే మిగిలినదాని కేంద్రం, తీసిన ముక్కకు ఎదురు దిక్కున, అదే గీత మీద జరుగుతుంది. మన అట్టను 6 సెంటీమీటర్ల చదరంగా చూసి, పై కుడి మూలలో 4 సెంటీమీటర్ల చదరం తీసేశాం అనుకోండి. పెద్ద చదరం 36, కేంద్రం అడ్డంగా, నిలువుగా 3 దగ్గర. తీసింది 16, దాని కేంద్రం రెండు వైపులా 4 దగ్గర. 36 మూళ్లు 108, 16 నాలుగులు 64. తేడా 44. మిగిలిన వైశాల్యం 20. భాగిస్తే మళ్లీ 2.2. రెండు దారుల్లో ఒకే జవాబు వచ్చినప్పుడు తరగతిలో వచ్చే ఆ చిన్న నిశ్శబ్దం కోసమే మేం ఈ లెక్క ఏటా దాచుకుంటాం.

ఇక్కడ పిల్లలు జారిపోయే చోటొకటి ఉంది. వైశాల్యం బరువుకు బదులు నిలబడేది అంతా ఒకే మందం, ఒకే పదార్థం అయినప్పుడే. పాదానికి అదే అట్ట ఇంకో పొర అంటిస్తే దాని బరువు 8 కాదు, 16. మొత్తం 28. అప్పుడు కేంద్రం అడ్డంగా సుమారు 2.7, నిలువుగా సుమారు 1.9 దగ్గరకు వస్తుంది. ఖాళీలో ఉన్న బిందువు అట్ట మీదికి దిగుతుంది. ఆకారం చూస్తే మారలేదు, ద్రవ్యరాశి పంపకం మారింది. పరీక్షలో పోయే మార్కుల్లో సగం ఈ తేడా చూడకపోవడం వల్లనే అని మా అభిప్రాయం.

ఆర్కిమెడిస్ అక్కడి నుంచి సమాంతర చతుర్భుజానికి, త్రిభుజానికి, సమలంబ చతుర్భుజానికి వెళ్లాడు. త్రిభుజానికి మధ్యగత రేఖ మీద, శీర్షం నుంచి మూడింట రెండు వంతుల దూరంలో కేంద్రం ఉంటుందన్నది మన పిల్లలు నిరూపక జ్యామితిలో వాడేదే. రెండో భాగమంతా పరావలయ ఖండం మీద. అక్కడ శీర్షం నుంచి ఐదింట మూడు వంతులు. తర్వాత నీటిలో తేలే వస్తువుల పుస్తకంలో ఈ కేంద్రాలతోనే, ఒక పక్కకు వంగిన వస్తువు ఎప్పుడు మళ్లీ నిటారుగా లేస్తుందో తేల్చాడు.

ఇవన్నీ ఫెయిర్ నోట్సు. ఒక్క కొట్టివేత ఉండదు. చదివితే ఈ మనిషికి ఇవి ఎలా తోచాయో అంతుపట్టదు. 17వ శతాబ్దంలో ఇటలీలో టొరిచెల్లి, ఇంగ్లండులో వాలిస్ వంటి పెద్దలకు కూడా అదే అనుమానం వచ్చింది. ఆయన దగ్గర వేరే పద్ధతేదో ఉందని, దాన్ని లోకానికి తెలియకుండా దాచాడని అనుకున్నారు.

నిజానికి ఆయన దాచలేదు. ఎరటోస్తనీస్‌కు ఒక ఉత్తరం రాసి, తన రఫ్ నోటుబుక్కు విప్పి చూపించాడు. ఆ రచన పేరే పద్ధతి. ముందు తూకం వేసి జవాబు కనుక్కుంటానని, అది నిరూపణ కాదని, కానీ జవాబు ముందే తెలిస్తే నిరూపణ వెతకడం తేలికని, దీన్ని వాడి ముందు ముందు వచ్చేవాళ్లు తనకు తోచనివి కూడా కనుక్కుంటారని అందులో చెప్పాడు.

గోళం ఘనపరిమాణం ఆయన పట్టుకున్నది ఇలాగే. ఒక గోళం తీసుకోండి. దాని వ్యాసమంత ఎత్తు, వ్యాసమంత వ్యాసార్ధం ఉన్న పెద్ద శంకువు ఒకటి, అదే కొలతల పెద్ద స్థూపం ఒకటి. మూడింటినీ ఒకే చోట నిలబెట్టి ఒకే ఎత్తులో పల్చటి బిళ్లలుగా కోయండి. గోళం బిళ్ల, శంకువు బిళ్ల కలిపి కావడి ఒక కొసన, భుజం నుంచి వ్యాసమంత దూరంలో వేలాడదీస్తే, ఉన్నచోటే ఉన్న స్థూపం బిళ్లతో సరిగ్గా తూగుతాయి. ప్రతి బిళ్లకూ ఇంతే. అన్నీ కలిపితే ఒక కొసన గోళం, శంకువు మొత్తం, రెండో వైపు స్థూపం మొత్తం. స్థూపం గురుత్వ కేంద్రం దాని నడుమ, అంటే భుజం నుంచి సగం దూరంలోనే ఉంది. కాబట్టి గోళం, శంకువు కలిపి స్థూపంలో సగం. పెద్ద స్థూపం 6 పాళ్లు అనుకుంటే సగం 3. శంకువు స్థూపంలో మూడో వంతని ముందే తెలుసు, అంటే 2 పాళ్లు. మిగిలిన 1 పాలు గోళం. గోళాన్ని చుట్టూ తాకుతూ సరిపోయే చిన్న స్థూపం, పెద్దదానిలో నాలుగో వంతు, అంటే ఒకటిన్నర పాలు. ఒకటికి ఒకటిన్నర, అంటే గోళం స్థూపంలో మూడింట రెండు వంతులు. మన పుస్తకంలో సూత్రంగా బట్టీ పట్టించేది ఆయన చేతిలో కావడి లెక్క.

చివరి రోజులు యుద్ధంలో గడిచాయి. రోమ్‌కూ కార్తేజ్‌కూ పోరు నడుస్తుండగా హీరాన్ చనిపోయాడు, సిరక్యూజ్ కార్తేజ్ వైపు మొగ్గింది, మార్సెల్లస్ సేనలు ఊరిని చుట్టుముట్టాయి. ఆర్కిమెడిస్ యంత్రాలు రాళ్లు విసిరాయి, కొక్కేలతో ఓడల ముందుభాగాన్ని పైకెత్తి వదిలాయి. అద్దాలతో ఓడలు కాల్చిన కథ మాత్రం ఆ ముట్టడి గురించి ముందుగా రాసినవాళ్లు ఎవరూ చెప్పలేదు. క్రీ.పూ. 212లో ఊరు పడిపోయింది. ప్రాణం తీయవద్దని మార్సెల్లస్ చెప్పినా ఒక సైనికుడు ఆయనను చంపాడు. ఎలాగన్నది ప్లూటార్క్ మూడు రకాలుగా రాశాడు, ఏది నిజమో ఆయనే తేల్చలేదు.

సమాధి మీద గోళం, స్థూపం చెక్కాలని బంధువులను ముందే కోరాడట. సుమారు 137 ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 75లో, సిసిలీలో ఉద్యోగం చేయడానికి వచ్చిన రోమన్ సిసెరో ఆ సమాధి గురించి అడిగితే ఊరివాళ్లు అలాంటిదేమీ లేదన్నారు. ముళ్లపొదల మధ్య చిన్న స్తంభం, దాని మీద ఆ రెండు బొమ్మలు చూసి ఆయనే గుర్తుపట్టాడు. ఇప్పుడు ఆ చోటు ఎక్కడో ఎవరికీ తెలియదు.

యాస కూడా అరిగిపోయింది. రాసుకునేవాళ్లు గోళం, స్థూపం పుస్తకంలోని డోరిక్ మాటలను తీసి, అందరికీ తెలిసిన గ్రీకు పెట్టారు. 6వ శతాబ్దంలో వ్యాఖ్యానం రాసిన యుటోషియస్, ఒక పాత పుస్తకంలో ఆర్కిమెడిస్ ఇష్టపడిన డోరిక్ కొంత మిగిలి ఉండటం చూసి, అది ఆయన రచనే అయివుంటుందని పోల్చుకున్నాడు.

పద్ధతి అన్న ఆ ఉత్తరం గతి మరీ చిత్రం. 10వ శతాబ్దంలో తోలు పుటల మీద రాసిన ప్రతి ఒకటి మిగిలింది. 1229లో తోలు కరువై, ఆ అక్షరాలను గీకేసి, పుటలను అడ్డం తిప్పి మడిచి, వాటి మీద ప్రార్థనలు రాసుకున్నారు. వాలిస్ ఆయన దాచాడని అనుకున్న రోజుల్లో ఆ పద్ధతి ప్రార్థనల కిందే ఉంది. 1906లో కాన్‌స్టాంటినోపుల్‌లో డెన్మార్క్ పండితుడు హైబర్గ్ భూతద్దం పట్టుకుని చాలావరకు చదివాడు. తర్వాత పుస్తకం మళ్లీ మాయమై, 1998లో న్యూయార్క్ వేలంలో 20 లక్షల డాలర్లకు అమ్ముడైంది. కొన్నవారు దాన్ని బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంకు ఇచ్చి పరిశోధన చేయించారు. హైబర్గ్ చదవలేని చోట్ల, పాత సిరాలోని ఇనుమును ఎక్స్‌రేలతో పట్టి అక్షరాలు పైకి తెచ్చారు.

ఆ ఫొటోలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. మేం ఒక పుట ప్రింటు తీసి తరగతిలో ఇచ్చాం. నల్లటి ప్రార్థన అక్షరాలు పైనుంచి కిందికి, వాటి వెనక ఎర్రగా లెక్కల అక్షరాలు అడ్డంగా. ఎల్ అట్ట పాప కాగితాన్ని అడ్డంగా తిప్పి పట్టుకుంది. ఇందులో కొట్టివేతలు ఎక్కడున్నాయి అని అడిగింది.